చీరాలను ఏ అరలో పెట్టాలి?

1970కి ముందు చీరాల గుంటూరు జిల్లాలో ఉండేది. ఆ ఏడాది ఫిబ్రవరిలో ఒంగోలు కేంద్రంగా కొత్త జిల్లా వస్తే అందులో కలిసింది. ఆ జిల్లాకే తర్వాత ప్రకాశం అని పేరు పెట్టారు. 2022 ఏప్రిల్ 4న బాపట్ల జిల్లా ఏర్పడింది, చీరాల అందులోకి వెళ్లింది. ఊరు ఉన్నచోటే ఉంది, జిల్లా రెండుసార్లు మారింది. ఇలాంటి ఊళ్ల మీద రాసిన వ్యాసాలు వేలల్లో ఉంటే వాటిని కంప్యూటర్లో ఎలా సర్దాలి?

2003 డిసెంబరులో మొదలై లక్ష వ్యాసాలు దాటిన తెలుగు వికీపీడియాలో వాటిని ‘వర్గాలు’గా సర్దుతారు. వర్గం అంటే ఒక కోవకు చెందినవాటికి తగిలించే చీటీ. ఆ వర్గానికీ పైన ఇంకో వర్గం ఉండొచ్చు: ఊరు మండలంలో, మండలం జిల్లాలో. బీరువాలో అర, అరలో డబ్బా, డబ్బాలో పొట్లం అన్నట్టు.

ఇంత అవసరమా అంటారా? లెక్క చూడండి. పాత గుంటూరు జిల్లాలో 57 మండలాలు. ఊళ్లు వెయ్యి అనుకుందాం. ఒక్కో పేరు చూడడానికి ఒక సెకను పట్టినా, వరుస మొత్తం చూడాలంటే దాదాపు 17 నిమిషాలు. అదే ముందు 57 మండలాల పేర్లు చూసి, మన మండలంలోకి వెళ్లి సుమారు 18 ఊళ్లు చూస్తే 75 సెకన్లలో పని అయిపోతుంది. అలాగని ఏడెనిమిది మెట్లు కట్టకండి. మూడు చాలు, అంతకు మించితే వెతికేవాడు దారి తప్పుతాడు.

జిల్లా మారితే అన్నీ తిరగరాయాలా? సొంతంగా ఇలాంటి ఏర్పాటు చేసుకునేవారు పట్టికలో ఒక్కో వర్గానికి మూడు గడులు పెట్టుకుంటే చాలు: దాని నంబరు, పేరు, పై వర్గం నంబరు. చీరాల మండలం వరుసలో మూడో గడి ఒక్కటి దిద్దితే, దాని కింద ఉన్న ఊళ్లన్నీ బాపట్లకు వెళ్లిపోతాయి. ప్రతి ఊరి వ్యాసంలోనూ జిల్లా పేరు విడిగా రాసి ఉంటే మాత్రం ఒక్కొక్కటీ తెరవాల్సిందే. ఒక జాగ్రత్త: ఏ వర్గాన్నీ దాని కింది వర్గానికే పిల్లగా పెట్టనివ్వకండి. అలా పెడితే కంప్యూటర్ గానుగెద్దులా అక్కడక్కడే తిరుగుతుంది.

కొన్ని వ్యాసాలు రెండు కోవలకూ చెందుతాయి. తామర పురుగు మిరపకూ వస్తుంది, పత్తికీ వస్తుంది. దాని మీద రాసిన వ్యాసం ఏ వర్గంలో పెట్టాలి? రెండింట్లోనూ. పొట్లాన్ని ఒక డబ్బాలోనే పెట్టగలం గానీ, చీటీలు ఎన్నయినా అంటించొచ్చు. వ్యాసం మాత్రం ఒక్కటే ఉంటుంది.

ఇక పేజీలు. వర్గం పెద్దదైతే వికీపీడియా ఒక్కో పేజీలో 200 పేర్లే చూపిస్తుంది. వెయ్యి ఊళ్లకు అయిదు పేజీలు. మూడో పేజీ కావాలంటే మొదటి 400 వదిలేసి తర్వాతి 200 తీసుకోవడం తేలిక పద్ధతి. అందులో ఒక చిక్కుంది. మీరు మొదటి పేజీ చదువుతుండగా ‘అ’తో మొదలయ్యే ఊరు ఒకటి చేరితే, 200వ పేరు 201కి జరిగి రెండో పేజీలో మళ్లీ కనిపిస్తుంది. అది పరవాలేదు. ఒక పేరు తీసేస్తే ఇంకో ఊరు మీ కంటపడకుండానే పోతుంది, అసలు నష్టం అదీ. అందుకే వికీపీడియా పేజీ నంబరును నమ్ముకోదు, ‘ఈ పేరు నుంచి’ అని గుర్తుపెట్టుకుని అక్కణ్నుంచి చూపిస్తుంది. నేరుగా నాలుగో పేజీకి దూకే వీలుండదు గానీ, ఒక్క ఊరూ జారిపోదు. నా మటుకు ఇదే మేలైన పద్ధతి.

మీ ఊరి వ్యాసం తెరిచి, అడుగున ఉన్న వర్గాలు ఒకసారి చూడండి. పాత జిల్లా పేరే ఉండిపోయి ఉంటే దిద్దండి. ఆ వీలు అక్కడ మీకూ ఉంది.