పాత ఫొటోను బాగు చేద్దాం, ముఖాన్ని మార్చొద్దు

దళితవాడల్లో చాలా ఇళ్లలో తాతలనాటి ఫొటో ఒక్కటే ఉంటుంది. పెళ్లికో, హాస్టల్ అడ్మిషన్‌కో, పట్టా కాగితానికో టౌన్‌లో స్టూడియోకు వెళ్లి దిగిన ఫొటో అది. ఆల్బమ్ లేదు, నెగెటివ్ లేదు, రెండో కాపీ లేదు. మన పెద్దల గురించి రాసిపెట్టినవాళ్లు తక్కువ. గోడ చెమ్మ సగం తినేసిన ఆ ఫొటోనే ఆ ఇంటి చరిత్రకు ఆధారం.

ఇప్పుడు ఫోన్‌లో ఒక్క బటన్ నొక్కితే పాత ఫొటో కొత్తదానిలా మెరుస్తుంది. ఆ మెరుపులో మన నాయనమ్మ నాయనమ్మలాగే ఉందా? చూసుకోవాల్సింది అదే.

ఎందుకు పాడవుతుంది?

ఫొటో కాగితం మీద పలుచని జెలటిన్ పొర ఉంటుంది. బొమ్మంతా ఆ పొరలోనే ఉంటుంది. చెమ్మ తగిలితే అది మెత్తబడి ఫ్రేమ్ అద్దానికి అతుక్కుంటుంది, బూజు పడుతుంది. నలుపు తెలుపు ఫొటోల్లో బొమ్మను నిలిపేది వెండి. కడిగేటప్పుడు రసాయనాలు సరిగా పోకపోతే ఏళ్ల తర్వాత పసుపు, గోధుమ మరకలు తేలతాయి.

కలర్ ఫొటోల్లో మూడు రంగుల అద్దకాలు ఉంటాయి. 1970లు, 80ల నాటి చాలా ప్రింట్లలో సయాన్, అంటే ఆకుపచ్చ కలిసిన నీలం, ముందుగా వెలిసిపోయింది. పెట్టెలో దాచినా వెలుస్తుంది. అందుకే ఆ ఫొటోలు ఎర్రబారి కనిపిస్తాయి. కారంచేడు జరిగిన 1985 ప్రాంతంలో మన ఇళ్లలో దిగిన కలర్ ఫొటోల్లో చాలావాటికి ఇదే గతి. ఆలస్యమైన కొద్దీ దొరికేది తగ్గిపోతుంది.

ముందు స్కాన్, తర్వాతే రిపేర్

తడిగుడ్డతో తుడవొద్దు. అద్దానికి అతుక్కుంటే పీకొద్దు, అద్దంతో సహా స్కాన్ చేయండి. లామినేషన్ చేయించొద్దు. దుమ్ము ఉంటే మెత్తటి బ్రష్‌తో నెమ్మదిగా దులపండి. పొర పెచ్చులూడుతుంటే బ్రష్ కూడా తాకించొద్దు.

కనీసం 600 డీపీఐలో, పాస్‌పోర్ట్ సైజు ఫొటో అయితే 1200 డీపీఐలో స్కాన్ చేయమని అడగండి. 4 అంగుళాలు, 6 అంగుళాల ఫొటో 600 డీపీఐలో 2400, 3600 పిక్సెళ్ల బొమ్మ అవుతుంది. ఫైల్ టిఫ్‌గా సేవ్ చేయించుకోండి. వెనక వైపు కూడా స్కాన్ చేయాలి. స్టూడియో ముద్ర, చేతిరాత అక్కడే ఉంటాయి.

స్కానర్ లేకపోతే కిటికీ పక్కన, నేరుగా ఎండ పడని చోట ఫొటోను చదునుగా పెట్టి, ఫోన్‌ను దానికి సమాంతరంగా పట్టుకుని, ఫ్లాష్ లేకుండా తీయండి. వాట్సాప్‌లో పంపేటప్పుడు డాక్యుమెంట్‌గా పంపండి. మామూలుగా పంపితే నాణ్యత తగ్గిపోతుంది.

నలుపు తెలుపు ఫొటోను కూడా కలర్‌లోనే స్కాన్ చేయాలి. దానికి కారణం ఉంది. డిజిటల్ బొమ్మ ఎరుపు, ఆకుపచ్చ, నీలం అనే మూడు చానెళ్లుగా ఉంటుంది. పసుపు మరక నీలం చానెల్‌లో నల్లగా కనిపిస్తుంది, ఎరుపు చానెల్‌లో దాదాపు మాయమవుతుంది. ఎరుపు చానెల్‌ను మాత్రమే తీసుకుంటే సగం పని అయిపోయినట్టే.

రిపేర్ వరుస

జింప్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ చాలు. అసలు స్కాన్‌ను ముట్టుకోకుండా కాపీ మీద పని చేయండి. మొదట రంగు సరిచేయాలి. లెవెల్స్‌లో ఒక్కో చానెల్ విడిగా తెరిచి, గ్రాఫ్ ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో అక్కడికి నలుపు, తెలుపు గుర్తులు జరపండి. ఎర్రబారిన ఫొటోలో ఎరుపు చానెల్ నలుపు గుర్తును ఎక్కువ జరపాల్సి వస్తుంది.

ఆ తర్వాత గీతలు, మడతలు. హీల్, క్లోన్ టూల్స్ పక్కనున్న భాగాన్ని తెచ్చి మచ్చ మీద కప్పుతాయి. గోడ మీద, చీర మీద ధైర్యంగా వాడొచ్చు. ముఖం మీద మాత్రం సన్నని గీతలకే వాడాలి. కన్నే చిరిగిపోయి ఉంటే ఖాళీగా వదిలేయండి. ఇంకొకరి కన్ను తెచ్చి అతికిస్తే ఆమె ఇంకొకరే అవుతుంది.

ఏఐ ఎక్కడ మోసం చేస్తుంది?

ఏఐ యాప్ పోయిన ముఖాన్ని వెతికి తేలేదు. తాను చూసిన ముఖాలను బట్టి ఊహించి గీస్తుంది. 2020లో అమెరికాలోని డ్యూక్ యూనివర్సిటీ పరిశోధకులు చేసిన పల్స్ అనే టూల్‌కు బరాక్ ఒబామా మసక ఫొటో ఇస్తే అది తెల్లజాతి మగవాడి ముఖం తయారుచేసింది. నల్లజాతి అధ్యక్షుడి ముఖమే అలా మారితే, పొలంలో ఎండకు కాలిన మన తాత ముఖానికి ఏం భరోసా?

రంగులద్దే యాప్‌లదీ అదే కథ. నలుపు తెలుపు ఫొటోలో ఏ రంగు అన్న సమాచారమే ఉండదు. చీర రంగూ, ఒంటి రంగూ యాప్ ఊహే. పైగా “అందంగా” చేయడమంటే తెల్లగా చేయడమని స్టూడియోల్లోనూ అలవాటు. పని ఇచ్చేటప్పుడే చెప్పండి: రంగు తేల్చొద్దు, ముడతలు తీయొద్దు, పచ్చబొట్టు చెరపొద్దు, వెనకున్న గుడిసె తీసేసి తోట పెట్టొద్దు. గుడిసె కూడా చరిత్రే.

ఫొటో తిరిగొచ్చాక అసలుదాన్ని పక్కన పెట్టి పోల్చండి. ముక్కు వెడల్పు, పెదవులు, చెవి ఆకారం, ముక్కుపుడక, పళ్లు ఒక్కొక్కటే చూడండి. ఆ మనిషిని కళ్లారా చూసిన పెద్దవాళ్లకు చూపించండి. వాళ్లు గుర్తుపట్టలేకపోతే ఎంత మెరిసినా ఆ ఫొటో తప్పే. ఏఐతో రంగులద్దిన కాపీ ఇంట్లో పెట్టుకోవాలనుకుంటే పెట్టుకోండి, దాని మీద ఆ సంగతి రాయండి. రేపటి పిల్లలు దాన్నే అసలు అనుకోకూడదు.

పేర్లు రాయండి

అసలు స్కాన్‌ను కనీసం మూడు చోట్ల దాచండి: ఒక పెన్‌డ్రైవ్‌లో, ఆన్‌లైన్‌లో, వేరే ఊళ్లో ఉన్న బంధువు దగ్గర. కాగితం ఫొటోను పారేయొద్దు, అద్దానికి తగలకుండా చుట్టూ అట్ట పెట్టి ఫ్రేమ్ కట్టించండి.

చివరి పని కంప్యూటర్‌తో కాదు. ఎడమ నుంచి కుడికి ఎవరెవరు, ఏ ఊరు, ఏం పని చేసేవారు, సుమారుగా ఏ ఏడు, ఈ వివరాలు ఎవరు చెప్పారు, అన్నీ రాసి ఫైల్‌తో పాటు ఉంచండి. చిరిగిన ఫొటోను వచ్చే ఏడాదైనా అతికించొచ్చు. అందులోని వాళ్ల పేర్లు తెలిసిన ముసలమ్మ ఈ ఏడాది ఉన్నప్పుడే అడగాలి.