మాటలు ఒక దారి, ఫైలు ఒక దారి

లినక్స్ మీద ఎఫ్‌టీపీ సర్వర్ పెట్టించే క్లాసులో ఈ ప్రశ్న రాక మానదు: "సార్, పాస్‌వర్డు తీసుకుంది, లాగిన్ అయింది. ఫైళ్ల లిస్టు మాత్రం రావట్లేదేం?" నాకు భలే ఇష్టమైన ప్రశ్న ఇది. దీనికి జవాబు చెప్పాలంటే ఎఫ్‌టీపీని విప్పి చూపించాల్సిందే.

ఎఫ్‌టీపీకి కనెక్షన్లు రెండు. 21వ పోర్టు మీద ఉండేది మాటల లైను. యూజర్ పేరు, పాస్‌వర్డు, 'ఫలానా ఫైలు పంపు', 'ఇక ఆపు' అన్నీ దాని మీదే నడుస్తాయి. ఫైలు మాత్రం అందులో రాదు. చివరికి ఫైళ్ల లిస్టు కూడా రాదు! వాటికోసం ప్రతిసారీ వేరే లైను తెరుచుకుని, పని కాగానే మూసుకుంటుంది. పెద్ద ఫైలు సగంలో ఉన్నా సర్వర్‌తో మాట్లాడగలిగేది అందుకే.

మరి ఆ రెండో లైను ఎవరు కలపాలి? మొదట్లో సర్వరే కలిపేది. మన కంప్యూటర్ తన అడ్రసు చెప్పి ఎదురుచూస్తే, సర్వర్ తన 20వ పోర్టు నుంచి వచ్చేది. ఫైర్‌వాల్‌లు వచ్చాక అలా బయటి నుంచి వచ్చేవాటిని గుమ్మం దగ్గరే ఆపేశాయి. ప్రోటోకాల్‌లో అప్పటికే ప్యాసివ్ అనే ఇంకో పద్ధతి ఉంది. అందరూ దాన్నే వాడండని 1994లో స్టీవెన్ బెల్లోవిన్ సూచించాడు. ఇందులో సర్వర్ "నా నంబరు ఇదీ, నువ్వే రా" అంటుంది.

ఆ నంబరు చెప్పే తీరే ముచ్చటగా ఉంటుంది. టెల్నెట్‌తో 21వ పోర్టుకు వెళ్లి, లాగినై, 'పాస్వ్' కమాండు చేత్తో కొట్టి చూడండి. 227తో మొదలయ్యే జవాబులో ఇలా ఆరు సంఖ్యలొస్తాయి: 192,168,1,10,195,80. మొదటి నాలుగూ ఐపీ అడ్రసు, చివరి రెండూ పోర్టు. పోర్టు నంబరుకు రెండు బైట్లు కావాలి, ఒక బైటులో 255కి మించి పట్టదు. కాబట్టి 195ని 256తో గుణించి 80 కలపాలి. 50000 వస్తుంది. ఒక్కసారి కాగితం మీద ఈ లెక్క కట్టినవాళ్లు ఎఫ్‌టీపీని మర్చిపోరు.

లిస్టు ఎందుకు రాలేదో ఇప్పుడు తేలిపోయింది. ఫైర్‌వాల్‌లో 21 ఒక్కటే తెరిచారు, 50000 మూసే ఉంది. వీఎస్‌ఎఫ్‌టీపీడీ అనే ఎఫ్‌టీపీ సర్వర్ ప్రోగ్రాం సెట్టింగుల్లో ప్యాసివ్ పోర్టులకు 50000 నుంచి 50100 దాకా అని హద్దు పెట్టి, ఫైర్‌వాల్‌లోనూ అవే తెరవాలి. సర్వర్ రౌటర్ వెనకుంటే 192.168తో మొదలయ్యే లోపలి అడ్రసు బయటివాళ్లకు పనికిరాదు. పబ్లిక్ ఐపీని కూడా సెట్టింగుల్లో రాయాలి.

ఎఫ్‌టీపీ తొలి రూపాన్ని 1971లో ఎంఐటీలో రాసింది అభయ్ భూషణ్, ఐఐటీ కాన్పూర్ మొదటి బ్యాచ్ విద్యార్థి. దొంగచాటుగా వినేవాళ్ల భయం లేని ఆ రోజుల్లో పాస్‌వర్డు ఉన్నదున్నట్టు లైను మీద వెళ్లేది. ఫిన్లాండ్‌లో ఒక యూనివర్సిటీ నెట్‌వర్క్‌లో అలా వెళ్లే పాస్‌వర్డులను ఎవరో కాజేయడంతో, 1995లో తాతు యిలోనెన్ అంతా రహస్య లిపిలో పంపే ఎస్‌ఎస్‌హెచ్ రాశాడు. ఎఫ్‌టీపీ 21, టెల్నెట్ 23. ఆ రెంటి మధ్య ఖాళీగా ఉన్న 22ను అడిగి తీసుకున్నాడు. 2021కల్లా క్రోమ్, ఫైర్‌ఫాక్స్ ఎఫ్‌టీపీని వదిలేశాయి. కొత్తగా సర్వర్ పెట్టేవాళ్లకు నేనూ ఎస్‌ఎస్‌హెచ్ మీద నడిచే ఎస్‌ఎఫ్‌టీపీయే చెప్తాను. అది ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్‌తో పాటే వస్తుంది, మాటలూ ఫైలూ ఒకే లైనులో వెళ్తాయి, ఫైర్‌వాల్‌లో 22 ఒక్కటి తెరిస్తే చాలు.