మీకు తెలుసా? కురుడుమలెలో చెరి సగం కట్టారని చెప్పుకునే గుడి!

కర్ణాటకలో ముళబాగిలు దగ్గరి కురుడుమలెకు భక్తులు వెళ్లేది ముఖ్యంగా పదమూడున్నర అడుగుల ఏకశిలా వినాయకుడి కోసం. అక్కడి సోమేశ్వరాలయాన్ని మాత్రం శిల్పి జకణాచారి ఒక సగం, ఆయన కొడుకు డంకణాచారి మరో సగం కట్టారనీ, కొడుకు పనే నాజూకనీ స్థానిక కథ. కట్టుకథతో వాస్తుకళ నేర్పుతారా అనొచ్చు. అది చరిత్రగా రుజువు కాలేదు, నిజమే. కానీ రెండు వైపులా స్తంభాలను పోల్చి చూడమని పురిగొల్పేది ఆ కథే. ఆపైన ఆ తేడాలను ఆధారాలతో వివరించాల్సింది మ్యూజియంలు, ఆర్కిటెక్టుల సంఘాలు కలిసి. ఉదాహరణకు లండన్‌లో విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియం, బ్రిటిష్ ఆర్కిటెక్టుల రాయల్ ఇన్‌స్టిట్యూట్ 2004లో ఉమ్మడిగా వాస్తుకళా గ్యాలరీ తెరిచాయి. అక్కడ చూపించేది నమూనాలు, నక్షలు. ఇక్కడ గుడే కళ్లెదుట ఉంది! ఈసారి దర్శనమయ్యాక ఓ పావుగంట ఆగి, రెండు వైపులా చూసి రండి.