శ్రవ్య దృశ్య సాక్ష్యములు – విశ్వవిద్యాలయ ధారాప్రసారము

జానపద వాఙ్మయమును గూర్చిన మన పరిశోధనములలో ఒక కొఱత తొలినుండియు ఉన్నది. పాట పాడబడునది, సిద్ధాంతవ్యాసము చదువబడునది. బిరుదురాజు రామరాజుగారి ‘తెలుగు జానపదగేయ సాహిత్యము’ 1958లో వెలువడిన నాటినుండి తెలుగు శాఖలలో ఈ విషయమున ఎన్నియో వ్యాసములు వెలసినవి. వానిలో గేయపాఠమున్నది, ఛందోవిచారమున్నది. గొంతు మాత్రము లేదు. గాయకుడు ఏ మాత్రను సాగదీసెనో, వంతపాడువాడు ఎచ్చట అందుకొనెనో, ఇవి యన్నియు పరిశోధకుని మాటమీదనే నమ్మవలసియుండును. పరీక్షకునకును అదియే గతి. ఇది పరిశోధకుల దోషము కాదు. అచ్చుకాగితము యొక్క పరిమితి. నేడు పెక్కు విశ్వవిద్యాలయములు నడుపుచున్న ధారాప్రసార సేవ ఈ కొఱతను చాలవరకు తీర్పగలదు. అది పనిచేయు తీరును, దానిని వాడువారు గమనింపవలసిన విషయములను ఇచ్చట వివరింతుము.

స్ట్రీమింగు అను మాటకు ధారాప్రసారమనుట చెల్లునని మా అభిప్రాయము. ఫైలును పూర్తిగా దించుకొని పిదప వినుట ఒక పద్ధతి. ధారాప్రసారమున అట్లు కాదు. ఫైలులోని తునకలు ఒకదానివెంట నొకటి వచ్చుచుండగనే వినబడుచుండును. కల్టూరా, పనోప్టో వంటి వ్యవస్థలు ఇందులకై విశ్వవిద్యాలయములలో వాడుకలో నున్నవి. వీనిలో పనోప్టో 2007లో కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయమునుండియే పుట్టినది. అధ్యాపకుడు తన రికార్డింగును ఎక్కించిన పిమ్మట సర్వరు దానిని పలు పరిమాణములలో తిరుగ కూర్చి, ఒక్కొక్క ప్రతిని కొన్నిసెకన్ల తునకలుగా కోయును. శ్రోతకు గల ఇంటర్నెట్టు వేగమును బట్టి ప్లేయరు తగిన పరిమాణపు తునకను కోరుకొనును. నెట్టు మందగించినపుడు బొమ్మ మసకబారుటయు, మాట మాత్రము సాగుచుండుటయు ఈ ఏర్పాటు వలననే.

ఇచ్చట మనము పంచుకొనునది ఫైలు కాదు, లంకె. దానిని అందరికిని తెరచి యుంచవచ్చును; విశ్వవిద్యాలయ ఖాతా గలవారికే పరిమితము చేయవచ్చును; పేర్కొన్న నలుగురికే ఈయవచ్చును. అంతకంటె మేలైన గుణమొకటి గలదు. లంకెలో కాలమునుగూడ నిర్దేశింపవచ్చును. రాత్రి పొడవున సాగిన కథలో 1 గంట 12 నిమిషముల చోటికి అధోజ్ఞాపిక చదువరిని సూటిగా కొనిపోగలదు. పుటసంఖ్య చేయు పనిని ఇచ్చట నిమిషము చేయుచున్నది.

ఇట్టి పంపకమునకు మన భాషతో సంబంధము గల దృష్టాంతము చికాగో విశ్వవిద్యాలయమున నున్నది. గ్రియర్సన్ నిర్వహించిన భారతీయ భాషా సర్వేక్షణమునకు అనుబంధముగా 1913–1929 సంవత్సరముల నడుమ గ్రామఫోను రికార్డులు తీయబడినవి. సర్వేక్షణపు పని మద్రాసు రాజధానిలో జరుగలేదు. ఐనను రికార్డులు మాత్రము అచ్చటను తీసిరి. వానిలో తెలుగును గలదు. ఈ రికార్డులను చికాగో విశ్వవిద్యాలయపు డిజిటల్ సౌత్ ఏషియా లైబ్రరీ నెట్టుమూలమున వినిపించుచున్నది. పెక్కింటిలో చదువబడినది బైబిలులోని తప్పిపోయిన కుమారుని కథ. అన్ని భాషలలోను ఒకే కథ యుండుటచే పోల్చుటకు వీలు కలిగినది. కాని నిమిషమునకు 78 చుట్లు తిరుగు రికార్డు ఒకవైపున ఇంచుమించు మూడు నిమిషములే పట్టును. వంతపాట, శ్రోతలు ఊకొట్టుట, నడుమ హాస్యగాని పిట్టకథ, వీనికి ఆ ఇరుకులో చోటెక్కడిది? అలిసెట్టి గాలెయ్య పాడగా జీన్ రోఘెయిర్ సేకరించి 1982లో ఆంగ్లానువాదముతో ప్రకటించిన పల్నాటి వీరుల కథ వంటి దీర్ఘగాథను కోయక యుంచుటకు నేటి సేవలో స్థలము చాలును.

అయితే శ్రోతకు చేరునది మూలధ్వని కాదని పరిశోధకుడు మరువరాదు. 48 కిలోహెర్ట్‌జుల, 24 బిట్ల స్టీరియో వేవ్ ఫైలు గంటకు సుమారు 1,037 మెగాబైట్లు. 128 కిలోబిట్ల ధారాప్రతి గంటకు 57.6 మెగాబైట్లు, అనగా పదునెనిమిదింట ఒక వంతు. తక్కిన పదునేడు వంతులేమైనవి? కొంత లెక్కలోని పొదుపు. కొంత, బిగ్గరధ్వని చెంత చెవికానని సన్నని ధ్వనులను తీసివేయుట. కథ వినుటకు ఇది చాలును. అచ్చుల అనునాదమును కొలుచువాడు మాత్రము ఈ ప్రతిని ముట్టరాదు. ఊరేగునది ఉత్సవమూర్తియే గాని మూలవిరాట్టు కదలదు గదా. మూలఫైలును తనయొద్ద నొకటి, గ్రంథాలయమున నొకటి విద్యార్థి వేరుగా భద్రపఱుపవలెను.

యంత్రము తనంతట వ్రాసి పెట్టు ఉపశీర్షికలను గూర్చియు ఒకమాట. గాయకుడు ‘చేసిండు’ అన్నచోట తెరపై ‘చేశాడు’ అని కనబడినచో మాండలికాధ్యయనమునకు అది గొడ్డలిపెట్టు. తెరపై నున్నదానిని చదువరి పాఠమనియే నమ్మును. పాఠమును పరిశోధకుడే వ్రాసి ఎక్కించుట శ్రేయము.

ఇంతకంటె జటిలమైనది అనుమతి ప్రశ్న. 1957 నాటి కాపీరైటు చట్టము 39వ సెక్షను ప్రకారము, సద్బుద్ధితో బోధనకో పరిశోధనకో మాత్రమే ప్రదర్శనమును రికార్డు చేయుట ప్రదర్శకుని హక్కునకు భంగము కాదు. దీనిని చూచి కొందరు నిశ్చింతగా నుందురు. రికార్డు చేయుట వేరు, దానిని లోకమంతటికి తెరచి యుంచుట వేరు. 38వ సెక్షను ననుసరించి ప్రదర్శకుని హక్కు, ప్రదర్శనము జరిగిన మఱుసటి సంవత్సరారంభమునుండి 50 ఏండ్లు నిలుచును. 2012 నాటి సవరణము తన పేరు చెప్పించుకొను హక్కునుగూడ అతనికి ఇచ్చినది. ‘ఒక జానపద గాయకుడు’ అని వ్రాసి ఊరకుండు అలవాటును మనము ఇకనైనను మానవలసియున్నది.

చట్టముతో తీరని విషయమును గలదు. కూనపులివారు పద్మశాలీయుల యెదుట పటము నిలిపి మార్కండేయపురాణము చెప్పుదురు; డక్కలివారు మాదిగలకు జాంబపురాణము చెప్పుదురు. కథ చెప్పుటకు వారికి తరతరముల హక్కున్నది, దానితోనే వారి భుక్తియు ముడిపడియున్నది. కథనంతను ఎల్లరకు తెరచినచో, పిలిచి చెప్పించుకొనువారు ‘సెల్లులోనే చూచితిమి’ అనరని ఎవరు చెప్పగలరు? గాయకునకు సంతకము పెట్టవలసిన కాగితమును చూపినంత మాత్రమున అనుమతి దొరికినట్లు కాదు. రికార్డింగును సెల్లులో చూపి, ఇది ఎవరెవరు వినగలరో తెలిపి, ఏ భాగమును మూయవలెనో అతనినే అడుగవలెను. మా మట్టుకు, పూర్తికథను ఖాతా గలవారికే ఉంచి, వ్యాసములో చర్చింపబడిన కొలది నిమిషములను మాత్రమే అందరికిని తెరచుట న్యాయమని తోచుచున్నది. పిమ్మట గాయకుడు మనసు మార్చుకొనినచో లంకెను మూయవచ్చును. అచ్చైన పుస్తకమున ఆ వీలు లేదు.

లంకె ఆయువును గూర్చి జాగ్రత్త వహింపవలెను. పట్టము పొంది విద్యార్థి వెడలిన పిదప అతని ఖాతా మూతపడును. దానితో అతడు ఎక్కించిన రికార్డింగులును అందకపోవచ్చును. అధోజ్ఞాపికలన్నియు అప్పుడు మూగవోవును. కావున వ్యాసము సమర్పించుటకు ముందే రికార్డింగుల యాజమాన్యమును శాఖ పేర నున్న ఉమ్మడి ఖాతాకు మార్పించుకొని, ఆ మార్పు జరిగినట్లు పర్యవేక్షకుడు చూచి సంతకము చేయుట మంచిది.