క్వాంటం యంత్రమునకు ముందు పొలము పటము

కృష్ణ యొడ్డున అమరావతిలో క్వాంటం గణకయంత్రము నొకదానిని నెలకొల్పుదుమని 2025 మే నెలలో ఐబీఎం, టీసీఎస్ సంస్థలును ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వమును ప్రకటించినవి. 156 క్యూబిట్లు గల హెరాన్ అను చిప్పు దానియం దుండునని చెప్పిరి. వార్త పెద్ద యక్షరములతోనే పడినది. అదే కృష్ణ సముద్రమును చేరుచోట, కాలువనీరు చిట్టచివరకు గాని యందని నాగాయలంక శివారు రైతు ఆ వార్తను చదివి, "దీనివలన మాకేమి?" యని యడిగినచో అది అవివేకపు ప్రశ్న కాదు. దానికి సమాధానము యంత్రములో కంటె యంత్రమునకు పని నప్పగించు పద్ధతిలో నున్నది. యంత్రమును గూర్చి వినబడినంతగా ఈ పద్ధతిని గూర్చి వినబడుట లేదు.

దివిసీమవారికి ఈ భేదము క్రొత్త కాదు. 1855లో బెజవాడ ఆనకట్ట పూర్తియైనది. కాని పులిగడ్డ యొద్ద కృష్ణ రెండు పాయలై చీలి ఈ సీమను లంకగా జేసియుండుటచే, కాలువనీరు పాయ దాటి యిటు రాలేదు. ఇరువదవ శతాబ్ది తొలి దశకమున నదీజలమును ఇంజనులతో తోడి పొలములకు పంపిరి. పిదప పులిగడ్డ అక్విడక్టు వచ్చి కాలువను పాయమీదుగా దాటించెను. 1957లో పాత ఆనకట్ట స్థానమున ప్రకాశం బ్యారేజి వచ్చినది. సాధనములు ఇన్నిసార్లు మారినను ఏ చేను మెరక, ఏ చేను పల్లము, ఏ బోదె యెవరి పొలమునకు పారును, నాట్లనాడు ఎకరమున కెంత నీరు కావలెను అను లెక్క మాత్రము మారలేదు. ఇంజను పోయినదని పొలము పటమును చింపివేసినవా డెవడు?

సాఫ్టువేరు నిర్మాణమున ఈ వివేకమునకే నమూనా పద్ధతి యని పేరు. చేయవలసిన పని యేమో, దానిలోని భాగములేవో, వాని పరస్పర సంబంధమేమో ఏ యంత్రము పేరును ఎత్తక మొదట ఒక పటముగా వ్రాయవలెను. ఆ పటమును నిర్ణీతమైన నియమముల చొప్పున ఒక్కొక్క యంత్రమునకు తగిన యాజ్ఞలుగా మార్చుట రెండవ మెట్టు. ఇట్టి పటములు గీయుటకు యూఎంఎల్ అను లిపి 1997లో ప్రమాణముగా నేర్పడినది. 2001లో ఓఎంజీ యను సంస్థ ఈ పద్ధతి నంతటిని ఒక శాస్త్రముగా ప్రతిపాదించెను. అమరావతి ప్రకటనలో భాగస్వామియైన టీసీఎస్ సంస్థయే మాస్టర్‌క్రాఫ్ట్ అను పేర నమూనాలనుండి ప్రోగ్రాములను పుట్టించు పనిముట్లను చిరకాలముగా తయారుచేసినది. కావున ఈ విద్య మన దేశమునకు పరాయిది కాదు.

క్వాంటం యంత్రమున దీని యవసరము ఇంకను హెచ్చు. మామూలు గణకయంత్రములో బిట్టు సున్నయో ఒకటియో యగును. క్యూబిట్టు ఆ రెంటి మిశ్రమముగా నిలువగలదు. 30 క్యూబిట్ల స్థితిని మామూలు యంత్రమునందు పూర్తిగా వ్రాసియుంచుటకు సుమారు 16 గిగాబైట్లు చాలును. ఇంటిలోని మంచి కంప్యూటరే యీ పని చేయును. 50 క్యూబిట్ల కైనచో సుమారు 16 పెటాబైట్లు కావలెను. అనగా పది లక్షల రెట్లు. ఇంతకంటె చిక్కైన సంగతి మరి యొకటి గలదు. మామూలు ప్రోగ్రాము తప్పుదారి పట్టినపుడు నడుమ నాపి, లోపల నేమున్నదో చూచి దిద్దుకొనవచ్చును. క్యూబిట్టును చూచినంతనే దాని మిశ్రమస్థితి చెదరిపోవును. దానికి నకలు తీసి దాచుటయు ప్రకృతి ధర్మమునకు విరుద్ధము. నడిమధ్య తనిఖీకి వీలులేని పనిలో, ముందుగనే పటము మీద తప్పులు పట్టుకొనుట తప్ప గత్యంతరము తక్కువ.

యంత్రములన్నియు ఒక్క తీరువి కావు. హెరాన్ వంటి చిప్పు పరమశూన్యమునకు డిగ్రీలో సుమారు నూరవవంతు దూరములోని చలిలో పనిచేయును. దానియందు ఒక క్యూబిట్టు తన ప్రక్కనున్న వానితోనే నేరుగా కలియగలదు. అయానులను విద్యుత్క్షేత్రమున బంధించి నడపు యంత్రములలో ఏ క్యూబిట్టైనను తక్కినవానితో కలియవచ్చును. ఒకదానికి వ్రాసిన యాజ్ఞలు రెండవదానికి చెల్లవు. 2025 ఏప్రిల్‌లో బెంగుళూరు సంస్థ యొకటి 25 క్యూబిట్ల యంత్రమును చూపినది. కేంద్రప్రభుత్వము 2023 ఏప్రిల్ 19న 6003.65 కోట్ల రూపాయలతో జాతీయ క్వాంటం మిషనును ఆమోదించినది. రేపు మన యంత్రములే రానున్నవి. అప్పుడు నేటి విదేశీ చిప్పునకు మాత్రమే పనికివచ్చు ప్రోగ్రాములు మన కళాశాలలలో గుట్టలుగా పడియుండిన నేమి లాభము?

నాగాయలంక ప్రశ్నకు మరల వత్తము. వేసవి యెద్దడిలో కాలువనీటికి వంతులు పెట్టుట మన యెరిగినదే. ఒక కాలువపై 40 తూములున్నవనుకొందము. ఒక్కొక్కటి ఆ దినమున తెరచియుండునో మూసియుండునో యన్నచో, అమరికలు లక్ష కోట్లకు మించును. ఎగువవానికి తగ్గింపక, శివారువానికి ఉప్పునీటి బాధ రాకుండ, వీనిలో మేలైన దేది? ఇట్టి యేరివేతలు క్వాంటం పండితులు ఆసక్తితో పరిశోధించు తరగతిలోనివే.

ఐనను ఇక్కడ నిజము చెప్పవలెను. నేటి క్వాంటం యంత్రములు తప్పులు హెచ్చుగా చేయును. ఈ వంతుల లెక్కను అవి మామూలు యంత్రములకంటె మేలుగా చేయునని ఇంకను రుజువు కాలేదు. 1977 నవంబరు 19 నాటి ఉప్పెనను చవిచూచిన సీమకు వచ్చి, అమరావతి యంత్రము తుపానుల జాడను ముందే చెప్పునని యెవరైన పలికినచో వారిని నమ్మవలదు. నమూనా పద్ధతికిని లోపములు లేకపోలేదు. క్వాంటం పనులకు అందరు నొప్పుకొన్న పటలిపి యింకను కుదురుకొనలేదు. పటమునుండి యంత్రాజ్ఞలు తీయునపుడు అక్కరలేని మెట్లు కొన్ని చేరును. ఒక్కొక్క మెట్టు ఒక్కొక్క తప్పునకు తావిచ్చును. యంత్రపు స్వభావ మెరుగని యనువాదము పటమునే చెరుపును.

ఇంత చిక్కున్నను పటము వ్యర్థము కాదు. నీటి లెక్కను తూము, బోదె, వంతు, ఉప్పుదనము అను భాగములుగా విడదీసి యంత్రనిరపేక్షముగా వ్రాసినచో, దానిని నేడే మామూలు కంప్యూటరుపై నడపి ఫలితము పొందవచ్చును. ఏరివేత భాగమును మాత్రము గుర్తించి వేరుగా నుంచినచో, సమర్థమైన క్వాంటం యంత్రము వచ్చిననాడు ఆ భాగము నొక్కదానినే దాని కప్పగింపవచ్చును. తక్కిన పని యెప్పటివలె మామూలు యంత్రమే చేయును.

కావున ప్రభుత్వము అమరావతి యంత్రముపై కాలమును పంచునపుడు ఒక షరతు పెట్టవలెను. ప్రజాధనముతో చేయు ప్రతి ప్రయోగమునకును యంత్రనిరపేక్షమైన పటము నొకదానిని తయారుచేసి అందరికి అందుబాటులో నుంచవలెను. మచిలీపట్టణము, గుడివాడ కళాశాలల విద్యార్థులకు క్యూబిట్ల గణితముతోపాటు ఈ పటరచనయు నేర్పవలెను. మొదటి పాఠమునకు పులిగడ్డనుండి నాగాయలంకవరకు గల కాలువలను తీసికొనవచ్చును. దానికి క్వాంటం యంత్రము వచ్చువరకు ఆగనక్కరలేదు. తూములను లెక్కించుటకు లస్కరును వెంటబెట్టుకొని గట్టు వెంబడి నడచినచో చాలును.