ఒక పోగు తెగితే మగ్గం ఎందుకు ఆగుతుంది?

సూరత్ నగరంలోని లింబాయత్, ఉధనా ప్రాంతాలకు వెళ్లిన తెలుగువానికి మరమగ్గాల చప్పుడు నడుమ తన భాష వినపడితే ఆశ్చర్యపడనక్కరలేదు. కరీంనగర్, వరంగల్లు, నల్లగొండ సీమలనుండి వలసవెళ్లిన పద్మశాలి కుటుంబాలు తరాలుగా అక్కడ స్థిరపడి ఉన్నాయి. సూరత్ నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమంలో కూడ బడులు నడుపుతూ వచ్చిందంటే వారి సంఖ్యను ఊహించుకోవచ్చు.

ఆ కార్మికులలో చాలామందికి కూలి నేసిన మీటర్ల లెక్కన ముట్టుతుంది. మగ్గం ఆగితే కూలి ఆగుతుంది. మరి ఆగవలసినప్పుడు ఆగకపోతే? పడుగులో ఒక పోగు తెగిన సంగతి తెలియక మగ్గం నడుస్తూ పోతే గుడ్డ పొడవునా గీత పడుతుంది. ఒక్క మనిషి అనేక మగ్గాలను చూసుకొనే చోట వేల పోగులను కనిపెట్టి ఉండడం కంటికి సాధ్యమయ్యే పని కాదు. అందుచేత ఆ కాపలాను విద్యుత్తుకు అప్పగించారు. ఆ ఏర్పాటును అర్థం చేసుకొన్నవానికి ఎలక్ట్రానిక్స్‌లో ఓనమాలు వచ్చినట్లే.

రేపియర్ వంటి కొత్త తరహా మగ్గాలలో పడుగు పోగు ఒక్కొక్కదానికి ఒక పలుచని ఉక్కు రేకు తగిలించి ఉంటుంది. డ్రాప్ పిన్ను అని దాని పేరు. పోగు బిగువుగా ఉన్నంతసేపు అది పోగుమీద వేలాడుతుంది. పోగు తెగినదా, జారి కిందనున్న లోహపు పట్టీమీద పడుతుంది. ఆ పట్టీ నిజానికి ఒకటి కాదు. విద్యుత్తు ప్రవహించని పొరను నడుమ ఉంచి కూర్చిన రెండు పట్టీలు. రేకు రెంటినీ తాకి వంతెన వేస్తుంది. తక్కువ వోల్టేజి కరెంటు ప్రవహించి, మగ్గాన్ని నిలిపివేస్తుంది. పోగు తెగితే వలయం అతుక్కొంటుందన్నమాట!

ఆ రేకులన్నీ రెండు పట్టీల మధ్య సమాంతరంగా ఉన్నవి. ఇది గాని, అది గాని, మరొకటి గాని, ఏ ఒక్కటి పడినా చాలు. కంప్యూటర్ శాస్త్రంలో దీనిని 'ఆర్' అంటారు. ఆపే బొత్తాల సంగతి వేరు. వాటిని ఒకదాని వెనుక ఒకటిగా శ్రేణిలో కలుపుతారు. ఇదీ, అదీ కూడ మూసి ఉంటేనే మోటారుకు కరెంటు; అది 'యాండ్'. ఈ భేదంలో ఒక మెలిక ఉన్నది. ఆపే బొత్తం తీగ ఎక్కడైనా ఊడితే మగ్గం దానంతట అదే ఆగిపోతుంది. డ్రాప్ పిన్నుల తీగ ఊడితే మాత్రం పోగు తెగినా మగ్గం ఆగదు. మొదటి లోపం వెంటనే బయటపడుతుంది. రెండవది గుడ్డ పాడైన తరువాత గాని తెలియదు.

తీగ బాగున్నా మురికి చాలు. జర్మన్ ఉపాధ్యాయుడు ఓమ్ 1827లో ప్రకటించిన సూత్రం ప్రకారం, వోల్టేజిని నిరోధంతో భాగిస్తే కరెంటు వస్తుంది. ఉదాహరణకు 24 వోల్టుల వలయంలో రిలే చుట్ట నిరోధం 480 ఓములనుకొందాం. కరెంటు 50 మిల్లీ ఆంపియర్లు. పట్టీమీద నూలు పీచు, నూనె పేరుకొని మరో 480 ఓములు చేరితే కరెంటు 25కు పడిపోతుంది. ఆ బలానికి రిలే కదలకపోవచ్చు. పట్టీని తుడిచే కుర్రవాడు ఓమ్ సూత్రాన్ని ఆచరిస్తున్నాడు, ఆ పేరు వినకపోయినా.

ఇటువంటి రిలేల అల్లికను బీజగణితంతో లెక్కకట్టవచ్చునని 1937లో అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక సంస్థలో క్లాడ్ షానన్ అనే విద్యార్థి తన సిద్ధాంత వ్యాసంలో నిరూపించాడు. అప్పటికతని వయస్సు 21. తర్కానికి ఆ బీజగణితాన్ని కల్పించిన జార్జి బూల్ గతించి అప్పటికి డెబ్బయి ఏళ్లు దాటినవి.

అయితే 'ఉన్నది, లేదు' అనే రెండు మాటలతో యంత్రానికి ఆజ్ఞ ఇవ్వడం నేతపనివారికి అంతకు చాలా ముందే తెలుసు. ఫ్రాన్సులోని లియోన్ నగరంలో జకార్డ్ 1804 ప్రాంతాన రూపొందించిన సాధనంలో అట్టకు రంధ్రం ఉన్నచోట సూది దూరుతుంది, పోగు లేస్తుంది, లేనిచోట లేవదు. 400 కొక్కేల జకార్డుమీద 2,000 పేకల డిజైనుకు 2,000 అట్టలు కావాలి. అంటే 8 లక్షల నిర్ణయాలు. కంప్యూటర్ లెక్కలో ఒక్కొక్కటి ఒక బిట్. ఎనిమిది బిట్లు ఒక బైటు. అంత పెద్ద అట్టల గుట్ట లక్ష బైట్లు మాత్రమే! నేటి సెల్‌ఫోను తీసే మామూలు ఫోటోకు సైతం అది చాలదు.

1890లో అమెరికా జనాభా లెక్కలకు హోలరిత్ ఈ అట్టకు విద్యుత్తును జోడించాడు. రంధ్రంగుండా దిగిన సూది పాదరసాన్ని తాకితే వలయం పూర్తయి లెక్క ఒకటి పెరిగేది. 1983లో మిలాన్ వస్త్రయంత్ర ప్రదర్శనలో ఎలక్ట్రానిక్ జకార్డు వచ్చింది. అందులో అట్ట లేదు. కొక్కేన్ని పట్టేదీ విడిచేదీ విద్యుదయస్కాంతం.

అట్ట పోయినా ఆజ్ఞ పోలేదు. 'చుక్క ఉంటే లేపు, లేకుంటే విడువు' అనేది షరతు. చివరి అట్టను మొదటిదానికి కలిపి కుట్టడాన్నే ప్రోగ్రాములు వ్రాసేవారు 'లూప్' అంటున్నారు. తప్పులూ అవే. కట్టుచుక్క మరచిన చోట దారం గుడ్డ వెనుక వదులుగా వేలాడుతుంది. యంత్రం అభ్యంతరం చెప్పదు, ప్రతి బుటాలోనూ ఆ తప్పునే శ్రద్ధగా నేస్తుంది.

అట్టలు కొట్టి బ్రతికినవారికి ఈ మార్పు తెచ్చిన నష్టాన్ని తేలికగా తీసివేయలేము. వారికి ప్రోగ్రాము రాదనడం మాత్రం అన్యాయం. రానిది తెరమీది భాష. యంత్రంతో వచ్చే పుస్తకం తెలుగులో ఉండదు.

వారి మగ్గంలో జ్ఞాపకశక్తి కూడ ఉన్నది. నడిపే బొత్తాన్ని నొక్కి విడిచినా మగ్గం నడుస్తూనే ఉంటుంది గదా? రిలే ఒకసారి లాగుకొనగానే, తన సొంత స్పర్శ ద్వారానే తనకు కరెంటు తెచ్చుకొంటుంది. బొత్తం నొక్కిన సంగతి దానికి గుర్తున్నదన్నమాట. కరెంటు పోయినప్పుడు ఆ పట్టు విడిపోతుంది, జ్ఞాపకం చెరిగిపోతుంది. చీకటిలో ఎవరైనా తెగిన పోగును ముడివేయడానికి మగ్గంలో చేయి పెట్టి ఉండవచ్చు. కరెంటు తిరిగి వస్తే దీపాలు వెలుగుతాయి, పంకాలు తిరుగుతాయి. మగ్గం మాత్రం, మళ్లీ ఎవరో వచ్చి బొత్తం నొక్కేదాకా కదలదు.