వరి పొలంలో మిథేన్ లెక్క: కార్బన్ క్రెడిట్ ఒప్పందంపై సంతకం చేసే ముందు

పోయిన యాసంగి నాట్లప్పుడు ఒక రైతు కాగితాల కట్ట పట్టుకుని నా దగ్గరకు వచ్చారు. "సార్, మడిలో పైపు పాతి ఫోటోలు పంపితే ఎకరానికి ఇంత అని డబ్బులిస్తారంట. ఊళ్లో పది మంది సంతకాలు పెట్టారు, నన్నూ పెట్టమంటారా?" అని అడిగారు. పద్నాలుగు పేజీలు, అంతా ఇంగ్లీషే. డబ్బు ఎంత వస్తుందో ఏ పేజీలోనూ స్పష్టంగా లేదు. ఎన్నేళ్లు కట్టుబడి ఉండాలో మాత్రం స్పష్టంగా ఉంది: పదేళ్లు.

ఈ మధ్య చాలా గ్రామాల నుంచి ఇదే ప్రశ్న వస్తోంది. అందుకే అసలు ఈ వాయువుల లెక్క ఏమిటి, ఎవరు కొలుస్తారు, ఎవరు ఎవరికి డబ్బు కడతారు, అందులో చిన్న రైతుకు మిగిలేది ఎంత అన్న విషయాలు వివరంగా రాస్తున్నాను.

మడిలో మిథేన్ ఎలా పుడుతుంది

దమ్ము చేసి నీళ్లు నిలగట్టిన మడిలో మట్టికి గాలి అందదు. గాలి లేని చోట బతికే సూక్ష్మజీవులు మట్టిలోని గడ్డీ గాదం, వేర్లు, పశువుల ఎరువును కుళ్లబెట్టి మిథేన్ వాయువును విడుదల చేస్తాయి. మడిలో నడిచినప్పుడు కాలి కింద బుడగలు రావడం మీరందరూ చూసే ఉంటారు, అందులో ఈ వాయువు ఉంటుంది. అయితే ఎక్కువ భాగం బుడగల్లో రాదు. వరి మొక్క తన వేర్లకు గాలి పంపుకోవడానికి కాండంలో సన్నని గొట్టాల్లాంటి దారులు ఏర్పరచుకుంటుంది. ఆ దారుల్లోంచే మిథేన్ పైకి పోతుంది.

వందేళ్ల కాలానికి లెక్కిస్తే ఒక కిలో మిథేన్ సుమారు 28 కిలోల బొగ్గుపులుసు వాయువు (కార్బన్ డయాక్సైడ్) అంత వేడిని పట్టి ఉంచుతుంది. యూరియా వేసిన నేల నుంచి వచ్చే నైట్రస్ ఆక్సైడ్ ఇంకా బలమైనది, కిలోకు సుమారు 270 రెట్లు. ఇలా అన్ని వాయువులనూ బొగ్గుపులుసు వాయువు లెక్కలోకి మార్చి టన్నుల్లో చెబుతారు. ఒక టన్ను తగ్గిస్తే ఒక కార్బన్ క్రెడిట్.

మన దేశం ఐక్యరాజ్యసమితికి ఇచ్చిన నివేదిక ప్రకారం 2020లో మొత్తం ఉద్గారాల్లో ఇంధన రంగానిది సుమారు 76 శాతం, వ్యవసాయానిది 14 శాతానికి కాస్త తక్కువ. వ్యవసాయం వాటాలో సగానికి పైగా పశువుల నెమరు నుంచి వచ్చేది. ఆ తర్వాత నేలలు, వరి. కాబట్టి వరి రైతు వల్లే భూమి వేడెక్కుతోందని ఎవరైనా అంటే తల వంచుకోవాల్సిన అవసరం లేదు.

కొలతలో తేడా వస్తే ఏమవుతుంది

1990 ప్రాంతంలో అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ మన దేశపు వరి పొలాల నుంచి ఏడాదికి 3 కోట్ల 78 లక్షల టన్నుల మిథేన్ వస్తోందని అంచనా వేసింది. వేరే దేశాల పొలాల్లో తీసిన కొలతలను మన వరి విస్తీర్ణంతో గుణించి కట్టిన లెక్క అది. మన శాస్త్రవేత్తలు దాన్ని ఒప్పుకోలేదు. ఢిల్లీలోని జాతీయ భౌతిక ప్రయోగశాల నుంచి డాక్టర్ ఎ.పి. మిత్ర నాయకత్వంలో 1991లో దేశంలోని వరి ప్రాంతాల్లో నేరుగా కొలిచారు. వచ్చిన లెక్క సుమారు 40 లక్షల టన్నులు. అంటే పాత అంచనాలో తొమ్మిదో వంతు. మన నేలల్లో సేంద్రియ పదార్థం తక్కువ, మన పొలాల్లో చాలా వాటిలో సీజనంతా నీళ్లు నిలవవు. ఈ రెండు సంగతులూ ఆఫీసులో కూర్చుని కట్టిన లెక్కకు అందలేదు. ఆ కొలతే జరగకపోయి ఉంటే అంతర్జాతీయ చర్చల్లో మన రైతుల మీద ఎంత భారం పడేదో ఆలోచించండి.

పొలంలో కొలిచే పద్ధతి చూడటానికి మామూలుగానే ఉంటుంది. కొన్ని దుబ్బుల మీద పారదర్శకమైన పెట్టె బోర్లిస్తారు. అడుగు భాగం బురదలో దిగి ఉంటుంది కాబట్టి గాలి బయటకు పోదు. పెట్టగానే ఒకసారి, 15 నిమిషాలకు ఒకసారి, అరగంటకు ఒకసారి సిరంజితో లోపలి గాలి తీసి ప్రయోగశాలకు పంపుతారు. మిథేన్ ఎంత పెరిగిందో చూసి గంటకు, రోజుకు లెక్క కడతారు. సీజను పొడవునా ఇలాగే చేయాలి. ఇంత పని ప్రతి రైతు పొలంలో చేయలేరు. అందుకని కంపెనీలు కొన్ని పొలాల్లోనే కొలిచి, మిగతా చోట్ల ఫోటోలు, ఉపగ్రహ చిత్రాలు, అంచనా సూత్రాల మీద ఆధారపడతాయి. తప్పు దొర్లేది అక్కడే. క్రెడిట్లను ధ్రువీకరించే పెద్ద అంతర్జాతీయ సంస్థ వెర్రా 2023లో వరి పాత లెక్కింపు పద్ధతిని పక్కన పెట్టింది. 2024 ఆగస్టులో చైనాలోని 37 వరి ప్రాజెక్టులను తిరస్కరించింది. 2025లో వరికి కొత్త పద్ధతి తెచ్చింది. కంపెనీ వాళ్లు వచ్చినప్పుడు వాళ్ల ప్రాజెక్టు ఏ పద్ధతి కింద నమోదైందని అడగడం మీ హక్కు.

డబ్బు ఎవరిది, చట్టం ఏం చెబుతోంది

ఉద్గారాలు తగ్గించాలని ఏ చట్టమూ మన రైతు మీద బాధ్యత పెట్టలేదు. 2021లో గ్లాస్గో సమావేశంలో ప్రపంచ మిథేన్ ప్రతిజ్ఞ వచ్చినప్పుడు కూడా మన దేశం అందులో చేరలేదు. బాధ్యత ఉన్నది పరిశ్రమల మీద. కేంద్ర ప్రభుత్వం 2022లో ఇంధన పొదుపు చట్టాన్ని సవరించి, 2023 జూన్‌లో కార్బన్ క్రెడిట్ ట్రేడింగ్ పథకాన్ని ప్రకటించింది. సిమెంటు, అల్యూమినియం వంటి రంగాల్లో టన్ను ఉత్పత్తికి ఇంతకు మించి వాయువు వదలకూడదని లక్ష్యం ఉంటుంది. అంతకన్నా తగ్గించిన ఫ్యాక్టరీకి క్రెడిట్లు వస్తాయి, లక్ష్యం చేరుకోలేనిది కొనుక్కోవాలి. ఐరోపా సమాఖ్య 2026 జనవరి నుంచి దిగుమతయ్యే ఉక్కు, సిమెంటు, అల్యూమినియం, ఎరువుల వంటి వాటి మీద కార్బన్ భారం వేస్తోంది. బియ్యం ఆ జాబితాలో లేదు.

మీ ఊరికి వస్తున్న పైపుల పథకాలు చాలావరకు వేరే కోవలోవి. వాటిని స్వచ్ఛంద కార్బన్ మార్కెట్ అంటారు. తమ వాయువులకు బదులుగా ఇంకొకరు తగ్గించిన టన్నులను కొనే సంస్థల డబ్బు అది. 2024 జనవరిలో కేంద్ర వ్యవసాయ శాఖ చిన్న, సన్నకారు రైతులను దృష్టిలో పెట్టుకుని దీనికి ఒక మార్గదర్శక పత్రం విడుదల చేసింది. అయినా రైతుకు, కంపెనీకి మధ్య చివరికి నిలిచేది మీరు సంతకం చేసిన కాగితమే.

ఎకరానికి ఎంత?

అంతర్జాతీయ నిపుణుల సంఘం 2019లో ఇచ్చిన అంకెల ప్రకారం దక్షిణాసియాలో ఎప్పుడూ నీళ్లు నిలిచే వరి పొలం నుంచి హెక్టారుకు రోజుకు సగటున 0.85 కిలోల మిథేన్ వస్తుంది. 120 రోజులకు 102 కిలోలు. ఎకరానికి చూస్తే సుమారు 41 కిలోలు. సీజనులో పలుమార్లు మడి ఆరగడితే ఇది 45 శాతం తగ్గుతుందని అదే లెక్క చెబుతోంది. అంటే ఎకరానికి 18 లేదా 19 కిలోల మిథేన్. 28తో గుణిస్తే సుమారు 520 కిలోలు, అర టన్ను. ఒక పంటకు ఒక ఎకరం నుంచి అర క్రెడిట్ అన్నమాట.

క్రెడిట్ ధర మారుతూ ఉంటుంది. లెక్క తేలిక కోసం టన్నుకు వెయ్యి రూపాయలు అనుకుందాం. ఎకరానికి 520 రూపాయలు. ఇందులోంచే కొలతలు, తనిఖీ, నమోదు ఖర్చులు, కంపెనీ వాటా పోవాలి. మడి ఆరినప్పుడు నైట్రస్ ఆక్సైడ్ కాస్త పెరుగుతుంది కనుక దాన్ని కూడా తీసేస్తారు. మిగిలింది మీది. ఎకరానికి వేలకు వేలు వస్తాయని ఎవరైనా చెబితే ఈ లెక్క వాళ్ల ముందు పెట్టి, ఎక్కడ తేడా ఉందో చూపించమనండి.

ఇంకో మెలిక ఉంది. మీ పొలం ఇప్పటికే మధ్యమధ్యలో ఆరుతూ ఉంటే, కొత్తగా తగ్గించేది ఏమీ ఉండదు కాబట్టి క్రెడిట్ రాకూడదు. ఫారంలో "ఇంతకు ముందు నీళ్లు ఎప్పుడూ నిలిపేవాళ్లం" అని వాళ్లే టిక్కు పెట్టి సంతకం తీసుకుంటే, రేపు తనిఖీలో తేలిన అబద్ధం మీ పేరు మీద ఉంటుంది.

సంతకం ముందు చూడవలసినవి

ఒప్పందం తెలుగులో అడగండి. ఇవ్వకపోతే ఆగండి. డబ్బు ఎకరానికి ఖరారు మొత్తమా, అమ్ముడైన క్రెడిట్లలో వాటానా అన్నది రాతపూర్వకంగా ఉండాలి. వాటా అయితే ఖర్చులు తీయక ముందా, తీసిన తర్వాతా అన్నదీ ఉండాలి. తీసిన తర్వాత అని ఉంటే ఏమీ మిగలకపోవచ్చు. మధ్యలో వదిలేస్తే జరిమానా ఉందా, భూమి అమ్మినా పిల్లలకు పంచినా ఒప్పందం ఏమవుతుంది అన్న వాక్యాలు వెతికించుకోండి. పట్టాదారు పాసు పుస్తకం నకలు ఇవ్వవచ్చు గానీ అసలు ఎవరి చేతికీ ఇవ్వకూడదు. ఒకే సర్వే నంబరుతో రెండు కంపెనీల్లో చేరకండి. ఒకే టన్నును ఇద్దరికి అమ్మినట్లవుతుంది.

కౌలు రైతుల సంగతి నాకు ఎక్కువ బాధ కలిగిస్తుంది. నీళ్లు కట్టేది, పైపు చూసేది, ఫోటో పంపేది కౌలుదారు. పాసు పుస్తకం యజమానిది కాబట్టి డబ్బు ఆయన ఖాతాలో పడుతుంది. కౌలు మాట్లాడుకునేటప్పుడే దీన్ని కూడా మాట్లాడుకోవాలి. తర్వాత అడిగితే గొడవలే.

క్రెడిట్ లేకపోయినా తడిపొడి పద్ధతి

నా మటుకు, ఈ పద్ధతిలో అసలు లాభం నీళ్లలో ఉంది. సరిగ్గా చేస్తే దిగుబడి తగ్గకుండా నీరు 30 శాతం దాకా మిగులుతుంది. ఉచిత కరెంటు ఉన్నచోట బిల్లులో తేడా కనిపించదు గానీ, ఫాల్గుణంలో బోరు ఎత్తిపోసే ఊళ్లలో ఆ నీళ్లే చివరి రెండు తడులకు అక్కరకొస్తాయి.

అడుగు పొడవున్న ప్లాస్టిక్ పైపు ముక్క తీసుకుని కింది సగానికి చుట్టూ రంధ్రాలు వేయాలి. ఆ సగం మట్టిలో దిగేలా, గట్టుకు దగ్గరగా, చూడటానికి వీలైన చోట పాతి లోపలి మట్టి తీసేయాలి. నాటిన తర్వాత రెండు వారాలు మామూలుగానే నీళ్లు ఉంచాలి, లేకపోతే కలుపు పైకి లేస్తుంది. ఆ తర్వాత పైపులో నీటిమట్టం నేల మట్టం నుంచి 15 సెంటీమీటర్లు, అంటే సుమారు ఆరంగుళాలు కిందికి దిగేదాకా ఆగి, అప్పుడు రెండంగుళాల నీళ్లు పెట్టాలి. పూతకు వారం ముందు నుంచి పూత పూర్తయ్యేదాకా మాత్రం మడి ఆరనివ్వకూడదు. అప్పుడు ఆరితే తాలు గింజలే మిగులుతాయి. యూరియా నీరు తీసిన మడిలో చల్లి వెంటనే తడి పెట్టాలి. అవసరానికి మించి వేయకండి. ఆరుతడి పంటలో వేసిన ఒక యూరియా బస్తా నుంచి వచ్చే నైట్రస్ ఆక్సైడ్ సుమారు 85 నుంచి 90 కిలోల బొగ్గుపులుసు వాయువుకు సమానం.

చౌడు నేలల్లో ఈ పద్ధతి వద్దు, నీరు తీస్తే ఉప్పు పైకి తేలుతుంది. కాలువ చివరి భూముల్లో వంతు ఎప్పుడొస్తుందో తెలియనప్పుడు కూడా సాహసించకండి. వరి గడ్డి, కొయ్యలు కాల్చకుండా దున్నేవారు దమ్ముకు కనీసం నెల రోజుల ముందే కలియదున్నితే మంచిది. అప్పటికప్పుడు దున్ని నీళ్లు కడితే మిథేన్ చాలా ఎక్కువ వస్తుంది, పిలకల దశలో మొక్క పసుపు పచ్చగా మారడం కూడా చూస్తుంటాం.

ఆ రైతు సంతకం పెట్టలేదు. తెలుగు ప్రతి అడిగితే పంపిస్తామన్నారట, ఇంతవరకు రాలేదు. పాత మోటారు పైపు ముక్క కోసి మడిలో పాతుకున్నారు. ఈ యాసంగిలో నాటిన నెలకు వెళ్లి చూశాను, పైపులో నీళ్లు ఆరంగుళాల లోతున ఉన్నాయి, మడి నెర్రెలు ఇవ్వలేదు, పైరు పచ్చగా ఉంది. "ఇంకో రోజు ఆగొచ్చా సార్?" అని అడిగారు. ఆగొద్దని, ఆ సాయంత్రమే మోటారు వేయమని చెప్పాను.